రక్తం గడ్డకట్టాల్సిన చోటు, కట్టకూడని చోటు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వానాకాలంలో పాము కరిచిందని ఎవర్నైనా సీహెచ్‌సీకి (ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకొస్తే అక్కడ చేసే మొదటి రక్త పరీక్షకి మిషన్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. ఒక కొత్త గాజు ట్యూబు, రెండు ఎంఎల్ రక్తం, గోడ గడియారం, అంతే. రక్తం ట్యూబులో పోసి కదపకుండా 20 నిమిషాలు వదిలేస్తారు, తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టి కదలకుండా ఉంటే ఆ క్షణానికి పరవాలేదు, నీళ్ళలా జారిందంటే రక్తపింజరో చిన్నపింజరో కాటేసినట్టే లెక్క, ఇంక ఆలస్యం చెయ్యకుండా యాంటీ వెనమ్ ఎక్కించాలి. ఈ 20 నిమిషాల్లోనే బయట బంధువులు గొడవ మొదలుపెడతారు, "రక్తం తీసి ఊరికే కూర్చోబెట్టారు, ఏం చెయ్యట్లేదు" అని. పాపం వాళ్ళకి ఎవరూ చెప్పరు, ఆ ట్యూబుని కదపకుండా ఉంచడమే పరీక్ష అని.

నేను పనిచేసేది ల్యాబ్‌లో, రాయగడలో. రోజూ తెలుగు వాళ్ళూ ఒడియా వాళ్ళూ కలిసే వస్తారు, రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే, "రక్తం బాగానే ఉందా?" అని. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ఎందుకంటే రక్తానికి ఉన్న పనుల్లో రెండు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం: నరం లోపల ఉన్నంతసేపు పారుతూనే ఉండాలి, నరం తెగిందంటే అక్కడికక్కడ గడ్డకట్టాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా జబ్బే, ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి విషంలా పనిచేస్తుంది. అందుకే "రక్తం పలచబడింది", "రక్తం చిక్కబడింది", "రక్తం తక్కువుంది" అని ఊళ్ళో అనుకునే మాటల్ని పట్టుకుని మందు తెచ్చుకోకూడదు, లోపం ఎర్ర కణాల్లో ఉందా, ప్లేట్‌లెట్లలో ఉందా, గడ్డకట్టించే ప్రోటీన్లైన ఫ్యాక్టర్లలో ఉందా అనేది ముందు తేలాలి.

సరే, అసలు గడ్డ ఎలా కడుతుందో చూద్దాం. కత్తిపీట మీద వేలు తెగిందనుకోండి, తెగిన నరం ముందు బిగుసుకుంటుంది, రక్తం పారే దారి సన్నబడుతుంది. తర్వాత ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన అంచుకి అంటుకుంటాయి, వాటిని అక్కడ పట్టి ఉంచేది వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీను. ఒక ప్లేట్‌లెట్ అంటుకుంటే అది ఇంకో పదింటిని పిలుస్తుంది, అలా చిన్న బిరడా తయారవుతుంది, కానీ ఆ బిరడా గట్టిది కాదు, కాస్త ఒత్తిడి పడితే ఊడిపోతుంది. అప్పుడు దిగుతాయి క్లాటింగ్ ఫ్యాక్టర్లు. ఇవి ఎక్కువగా లివర్‌లో తయారై రక్తంలో నిద్రపోతున్నట్టు తిరుగుతూ ఉంటాయి, ఒకటి లేస్తే అది ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. చివరికి థ్రాంబిన్ అనేది తయారై ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ దారాలుగా మార్చేస్తుంది. చెరువులో వల వేసినట్టు ఆ దారాలు ప్లేట్‌లెట్లనీ ఎర్ర కణాలనీ చుట్టేసి పట్టుకుంటాయి, ఫ్యాక్టర్ 13 వచ్చి ముడులు బిగిస్తుంది. ఫ్యాక్టర్లకి 1 నుంచి 13 దాకా నంబర్లున్నాయి గానీ 6 లేదు, ముందు 6 అనుకున్నది తర్వాత చూస్తే 5 కే ఇంకో రూపం అని తేలింది, ఆ నంబరు అలా ఖాళీగా ఉండిపోయింది.

ఇక్కడితో కథ అయిపోతే మనం బతకం. ఒకసారి మొదలైన గడ్డ ఆగకపోతే ఒళ్ళంతా గడ్డకట్టేస్తుంది కదా, అందుకని యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ సీ, ప్రోటీన్ ఎస్ లాంటివి పక్కనే కాపలా ఉండి తెగిన చోటు దాటి పోకుండా ఆపుతాయి, గాయం మానాక ప్లాస్మిన్ వచ్చి ఆ గడ్డని మెల్లగా కరిగించేస్తుంది. అంటే గడ్డకట్టించే పార్టీ, కరిగించే పార్టీ రెండూ మన ఒంట్లో ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీలోనే ఉంటాయి.

ఇప్పుడు పాము దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే ఇందులో ఒక తమాషా ఉంది. రక్తపింజర విషం రక్తాన్ని పలచన చెయ్యదు, నిజానికి అది గడ్డకట్టిస్తుంది. నేరుగా ఫ్యాక్టర్ 10 నీ 5 నీ లేపేస్తుంది, అవి లేచి ఎక్కడపడితే అక్కడ కంటికి కనపడనంత చిన్న గడ్డలు కట్టేస్తూ ఉన్న ఫైబ్రినోజెన్ మొత్తం వాడేస్తాయి, ఇంక అసలు అవసరమైన చోట కట్టడానికి సరుకు మిగలదు. అందుకే చిగుళ్ళ నుంచి, సూది గుచ్చిన చోట నుంచి, ఉచ్చలో రక్తం వస్తుంది. ఈ గుణం చూసే 1934 లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్ళు హీమోఫీలియా (ఫ్యాక్టర్ లోపంతో రక్తం ఆగని జబ్బు) ఉన్నవాళ్ళ గాయాల మీద ఇదే విషాన్ని బాగా పలచన చేసి పైపూతగా వాడి రక్తం ఆపొచ్చని చూపించారు. ఆ మాక్‌ఫార్లేనే 1964 లో ఫ్యాక్టర్లు ఒకదాన్నొకటి లేపే వరుసని కాగితం మీద పెట్టాడు, ఇప్పటికీ మెడికల్ స్టూడెంట్లు బట్టీపట్టేది అదే.

ట్యూబు గాజుదే ఎందుకు అంటే, గాజు తగిలితే ఫ్యాక్టర్ 12 లేచి గొలుసు మొదలవుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సర్ఫ్ వేసి కడిగిన పాత గాజు ట్యూబులో పోసినా మామూలు మనిషి రక్తం కూడా లేటుగా కడుతుంది, అప్పుడు విషం లేనివాళ్ళకి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో సంగతి, మొదటిసారి గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపెయ్యకూడదు, విషం నెమ్మదిగా ఎక్కొచ్చు కాబట్టి పరీక్ష మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. నాగుపాము, కట్లపాము కాటుకి ఈ పరీక్ష పనికిరాదు, వాటి విషం రక్తం మీద కాదు నాడుల మీద (రక్తం పారే నరాలు కావు, కండల్ని కదిలించేవి) పనిచేస్తుంది, రక్తం చక్కగా గడ్డకడుతుంది కానీ రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆగిపోతుంది. కాటు మీద బ్లేడుతో కొయ్యడం, తాడుతో బిగించి కట్టడం, గుణియా దగ్గర మంత్రం వేయించి పొద్దున్న చూద్దాం అనుకోవడం ఇంకా ఉంది మా వైపు. గడ్డకట్టే సరుకు అయిపోయిన ఒంట్లో బ్లేడు పెడితే ఆ రక్తం ఎలా ఆగుతుంది చెప్పండి.

ల్యాబ్‌కి వచ్చినవాళ్ళు ఎప్పుడూ అడిగే ఇంకో ప్రశ్న, "ఒక్క టెస్టుకి ఇన్ని ట్యూబులు ఎందుకు, రక్తం అమ్ముకుంటారా?" అని. అమ్ముకోం బాబూ. వంగపండు రంగు మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, అది రక్తంలో కాల్షియాన్ని కట్టేస్తుంది, కాల్షియం లేకపోతే గొలుసు నడవదు, కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఉండి కణాలు లెక్కపెట్టడానికి వీలవుతుంది. కణాలు లెక్కపెట్టే సీబీసీ టెస్టు అందులోనే. నీలం మూత ట్యూబులో సిట్రేట్, అది కూడా కాల్షియాన్నే పట్టుకుంటుంది కానీ మళ్ళీ కాల్షియం కలిపితే వదిలేస్తుంది, అందుకే గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచే పీటీ, ఐఎన్ఆర్, ఏపీటీటీ టెస్టులు అందులో చేస్తారు. ఈ నీలం ట్యూబులో గీత దాకా రక్తం నిండాలి, తొమ్మిది వంతులు రక్తం ఒక వంతు మందు అని లెక్క. సగమే నింపితే మందు ఎక్కువై టైము పొడుగ్గా వస్తుంది, ఆ తప్పు రిపోర్టు చూసి డాక్టరు మాత్ర మార్చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కాబట్టి సిస్టరు ఇంకోసారి గుచ్చుతానంటే విసుక్కోకండి.

రక్తం ఆగని జబ్బుల్లో లోపం ఎక్కడుందో రక్తం కారే తీరు చూసి కొంత పసిగట్టొచ్చు. ప్లేట్‌లెట్లలో గానీ వాన్ విల్లీబ్రాండ్‌లో గానీ తేడా ఉంటే పైపైన కనిపిస్తుంది: కాళ్ళ మీద గుండుసూది మొన అంత ఎర్ర చుక్కలు, చిగుళ్ళలో రక్తం, ముక్కు కారడం, నెలసరి ఆగకపోవడం. ఫ్యాక్టర్లలో లోపం ఉంటే లోపల కారుతుంది: మోకాలు, చీలమండ, మోచెయ్యి వాచిపోవడం, కండలో రక్తం చేరి ఉబ్బడం. పైగా వెంటనే కాదు, దెబ్బ తగిలిన కొన్ని గంటలకి మొదలవుతుంది, పన్ను పీకించుకుని ఇంటికొచ్చి పడుకున్నాక రాత్రి తలగడ తడిసిపోతుంది.

ప్లేట్‌లెట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క నంబరు మీద జనానికి ఉన్న భయం ఇంక దేనిమీదా లేదు. మామూలుగా మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉంటాయి. డెంగీలో పడిపోతాయి, నిజమే, కానీ డెంగీలో మనిషిని చంపేది ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. అది కూడా జ్వరం తగ్గేటప్పుడు జరుగుతుంది, "హమ్మయ్య జ్వరం తగ్గింది" అని ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకునే టైములో. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, మత్తుగా పడి ఉండటం, చేతులు కాళ్ళు చల్లబడటం, ఇవి కనిపిస్తే ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా సరే పరిగెత్తాలి. ఇవేవీ లేకుండా, ఎక్కడా రక్తం రాకుండా 30 వేలు ఉన్నవాడికి ప్లేట్‌లెట్ బ్యాగుల కోసం ఊరంతా ఫోన్లు చెయ్యక్కర్లేదు. రక్తస్రావం లేకపోతే పది వేల కన్నా దిగితే తప్ప ముందు జాగ్రత్తగా ఎక్కించనవసరం లేదనే గైడ్‌లైన్లు చెప్తాయి. పైగా ప్లేట్‌లెట్ బ్యాగు అంటే ఫ్రిజ్‌లో దాచుకునేది కాదు, 20 నుంచి 24 డిగ్రీల్లో ఊపుతూ ఉంచాలి, ఐదు రోజులే ఉంటుంది, అందుకే చిన్న ఊళ్ళ బ్లడ్ బ్యాంకుల్లో దొరకదు, విశాఖకో బరంపురానికో పరిగెత్తాల్సి వస్తుంది. అంత దూరం పరిగెత్తేది నిజంగా అవసరం ఉన్నవాడి కోసం అయితే బావుంటుంది.

ఇంకో రెండు మాటలు. ఒకటి, మా వైపు జ్వరంతో ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ ఒక్కటే కాదు, మలేరియా కూడా అలాగే చేస్తుంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో మలేరియా ఎంత పాతదో అందరికీ తెలుసు, 2017 నుంచి ప్రభుత్వం దమన్ పేరుతో ఊరూరా పరీక్షలు పెట్టింది, ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, వేలు గుచ్చి చూస్తుంది. అది చేయించకుండా బొప్పాయి ఆకు రసం తాగిస్తూ కూర్చోవద్దు. రెండు, కొంతమంది రక్తంలో ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టేస్తాయి, మిషన్ ఆ ముద్దని లెక్కపెట్టలేక 20 వేలు అని చూపిస్తుంది, మనిషి మాత్రం రాయిలా తిరుగుతుంటాడు. స్లైడు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ముద్దలు కనిపిస్తాయి, నీలం ట్యూబులో తీసి మళ్ళీ చేస్తే అసలు లెక్క వస్తుంది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు, జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం పాతాళంలో ఉన్నాయంటే స్లైడు చూడమని అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు. ఇంక డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లో, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, ఇవి ప్లేట్‌లెట్లు ఉన్నా పనిచెయ్యనివ్వవు. మెడికల్ షాపులో ఇచ్చే ఒళ్ళు నొప్పుల మాత్ర ఏంటో పేరు చూసుకోండి.

హీమోఫీలియా అందరూ విన్న పేరే. ఫ్యాక్టర్ 8 లేకపోతే ఏ, 9 లేకపోతే బీ. ఏ రకం దాదాపు ఐదు వేల మగపిల్లల్లో ఒకరికి వస్తుంది, బీ ఇంకా అరుదు. తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది కాబట్టి జబ్బు పడేది ఎక్కువగా మగపిల్లలే, తల్లి పైకి మామూలుగానే ఉంటుంది, అడిగితే "మా తమ్ముడు చిన్నప్పుడు పళ్ళు పీకిస్తే రక్తం ఆగక పోయాడు" అనే కథ బయటికొస్తుంది. మూడో వంతు కేసుల్లో అలాంటి కుటుంబ కథ కూడా ఉండదు, కొత్తగా పుడుతుంది.

ఇక్కడ మన తెలుగు వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఒడియా వాళ్ళలో చాలామంది మేనరికం చేసుకోరు, మన ఇళ్ళల్లో మేనమామకి అక్క కూతుర్ని ఇవ్వడం విని పక్కింటి ఒడియా ఆవిడ ఇప్పటికీ నోరు తెరుస్తుంది. హీమోఫీలియా ఆడపిల్లలకి రాదు అంటారు గదా, మేనమామకి జబ్బు ఉండి, అతని అక్క ద్వారా ఆ లోపం అక్క కూతురికి వచ్చి ఉండి, ఆ ఇద్దరికీ పెళ్ళి చేస్తే, పుట్టే ఆడపిల్లకి రెండు వైపుల నుంచీ లోపమున్న ఎక్స్ రావొచ్చు, అప్పుడు ఆ పిల్లకి కూడా మగపిల్లాడికి వచ్చినంత జబ్బూ వస్తుంది. మేనరికం మంచిదా చెడ్డదా అని నేను ఇక్కడ తీర్పు చెప్పట్లేదు, ఇంట్లో రక్తం ఆగని మేనమామ ఉన్నప్పుడు మాత్రం సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్లకి పరీక్ష చేయించడం బుద్ధి.

హీమోఫీలియా పిల్లాడికి కండలో ఇంజక్షన్ వెయ్యకూడదు, వేస్తే అక్కడే లోపల రక్తం కారి ఉబ్బిపోతుంది. కీలు వాచింది కదా అని నూనె రాసి మర్దన చెయ్యకూడదు, కదపకుండా ఐస్ పెట్టి, వీలైనంత తొందరగా ఫ్యాక్టర్ ఎక్కించాలి. ఒకే కీలులో మాటిమాటికీ రక్తం చేరితే ఆ కీలు పాడైపోయి కుర్రాడు కుంటివాడైపోతాడు, ఈ జబ్బులో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియా, థలసీమియా, సికిల్ సెల్ (ఈ రెండూ హిమోగ్లోబిన్‌లో పుట్టుకతో వచ్చే లోపాలు) మూడూ ఉన్నాయి, సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ విషయం తెలియక ఎంతమంది ఊరుకుంటున్నారో.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో రకం నిర్లక్ష్యం. పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది హీమోఫీలియా కాదు, వాన్ విల్లీబ్రాండ్ జబ్బు. ఫిన్లాండ్ డాక్టరు ఒకాయన 1926 లో రాశాడు, ఆయన పేరే పెట్టారు. అది ఉన్న అమ్మాయికి నెలసరి ఏడెనిమిది రోజులు గడ్డలు గడ్డలుగా అవుతుంది, తల్లి "నాకూ అంతే, మన ఇంట్లో అందరికీ అంతే" అంటుంది. అందరికీ అంతే అంటే అది వంశంలోనే ఉందన్నమాట, మామూలని కాదు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ ఎక్కదు, ఎందుకంటే కింద కన్నం అలాగే ఉంది. కొందరికి చిన్న వయసులోనే గర్భసంచి తీసేస్తారు, ఒక్క రక్త పరీక్ష ముందు చేసి ఉంటే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రతో గడిచిపోయేదేమో.

ఇంక రెండో వైపు, కట్టకూడని చోట కట్టే గడ్డలు. గుండెపోటు, పక్షవాతం గురించి అందరూ రాస్తున్నారు, అవి చాలావరకు ధమనుల్లో ప్లేట్‌లెట్ల గడ్డలు, అందుకే ఆస్పిరిన్. కాళ్ళ సిరల్లో కట్టే గడ్డ వేరు, అక్కడ రక్తం నెమ్మదిగా పారుతుంది, ఫైబ్రిన్‌ది పెద్ద పాత్ర. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవాళ్ళకి, కాలు విరిగి కట్టు కట్టినవాళ్ళకి, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే కాపడం పెట్టి పిసకొద్దు, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకి పోతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. డాప్లర్ స్కాన్ చేయించాలి.

మన దగ్గర ఎవరూ అనుకోనిది బాలింత తలలో కట్టే గడ్డ. కాన్పు టైముకి ఆడవాళ్ళ ఒంట్లో గడ్డకట్టే ఫ్యాక్టర్లు బాగా పెరుగుతాయి, కాన్పులో రక్తం పోకుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. మనం ఏం చేస్తాం, పచ్చిబాలింత అని నీళ్ళు ఎక్కువ తాగనివ్వం, కారప్పొడి అన్నం పెడతాం, తలుపులేసి చెవుల్లో దూది పెట్టి పడుకోబెడతాం. గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న రక్తాన్ని నీళ్ళు లేకుండా, కదలిక లేకుండా ఉంచినట్టు. రెండో వారంలోనో మూడో వారంలోనో భరించలేని తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ వస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కడతారు. అది మెదడు సిరలో గడ్డ కావొచ్చు. స్కాన్‌లో కనిపిస్తే గడ్డ పెరగనివ్వని హెపారిన్ ఇంజక్షన్లతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు, ఆలస్యమైతేనే కష్టం. పథ్యం పెట్టే అమ్మమ్మలతో గొడవ పెట్టుకోనక్కర్లేదు, కాచి చల్లార్చిన నీళ్ళే అయినా సరే దాహం తీరేదాకా తాగనివ్వమని, ఇంట్లో నాలుగడుగులు వెయ్యనివ్వమని అడిగితే చాలు.

గుండెలో మెటల్ వాల్వ్ వేయించుకున్నవాళ్ళు మా వైపు చాలామంది కనిపిస్తారు, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి వాల్వ్ పాడైనవాళ్ళు. వాళ్ళు వాల్వ్ మీద గడ్డకట్టకుండా చూసే మాత్ర, అసిట్రోమో వార్ఫరినో, జీవితాంతం వాడాలి. వార్ఫరిన్ కథ విచిత్రం: 1920ల్లో అమెరికా, కెనడాల్లో పాడైన గడ్డి తిని పశువులు రక్తం కారి చచ్చిపోయేవి, ఆ గడ్డిలో పదార్థం ఏంటా అని వెతికిన విస్కాన్సిన్ ల్యాబ్ నుంచే వార్ఫరిన్ వచ్చింది, 1948 లో ఎలకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకి. ఇది విటమిన్ కే పనిని అడ్డుకుంటుంది, ఫ్యాక్టర్ 2, 7, 9, 10 తయారవ్వాలంటే ఆ విటమిన్ ఉండాలి. పుట్టగానే బిడ్డకి తొడ మీద వేసే చిన్న ఇంజక్షన్ కూడా ఈ విటమిన్ కేనే.

వాల్వ్ వాళ్ళకి ఎవరో చెప్తారు, ఆకుకూరలు అసలు తినకూడదు అని. తినొచ్చు. గోంగూర, తోటకూర, మునగాకు వారానికి ఎంత తింటారో ప్రతి వారం దాదాపు అంతే తినాలి, అప్పుడు ఐఎన్ఆర్ చూసి మాత్ర డోసు దానికి తగ్గట్టు సరిచేస్తారు. ఒక నెల మానేసి, పండక్కి ఊరెళ్ళి పదిరోజులు గోంగూర పచ్చడి లాగిస్తేనే లెక్క తప్పుతుంది. ఐఎన్ఆర్ చాలామందికి 2 నుంచి 3 మధ్య, మైట్రల్ మెటల్ వాల్వ్ అయితే ఇంకొంచెం పైన ఉంచుతారు. ఇంక విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్, కొన్ని యాంటీబయాటిక్లు, తామరకి మింగే ఫ్లూకొనజోల్ ఈ నంబర్ని ఒక్కసారిగా పైకి లేపేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గరికైనా, ముందు "నేను అసిట్రోమ్ వాడుతున్నా" అని చెప్పాలి.

చివరిగా సికిల్ సెల్, నిజానికి మా జిల్లాల్లో అయితే దీంతోనే మొదలుపెట్టాలి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే తేడా. ఆ ఒక్క మార్పుతో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది, సన్న నరాల్లో ఇరుక్కుంటుంది. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే, అందుకే ఎప్పుడూ రక్తహీనత, పచ్చ కళ్ళు. ఇరుక్కున్న చోట భయంకరమైన నొప్పి, కొండ దిగి వచ్చేసరికి కుర్రాడు మెలికలు తిరిగిపోతుంటాడు. గడ్డలు కట్టే స్వభావం కూడా వీళ్ళ రక్తానికి ఎక్కువే, పిల్లల్లో పక్షవాతం రావొచ్చు. అంటే ఒక్క జబ్బులోనే రక్తం తక్కువ, దారి మూసుకుపోవడం రెండూ ఉన్నాయి.

ఒకే జీన్ వచ్చినవాళ్ళు క్యారియర్లు, వాళ్ళకి జబ్బు లేదు, పైగా మలేరియా మనిషిని చంపకుండా ఆ జీన్ కొంత కాపాడుతుంది. అందుకే తరతరాలుగా మలేరియా ఉన్న ఈ కొండల్లో అది నిలిచిపోయింది. గిరిజనుల జబ్బు అనుకోవద్దు, పశ్చిమ ఒడిశాలో వేరే కులాల్లో కూడా బాగానే ఉంది. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురూ సేఫ్ అనే లెక్క చాలామంది వేసుకుంటారు, అలా కాదు, ప్రతిసారీ మళ్ళీ నాలుగింట ఒకటే.

2023 జులై 1 న మధ్యప్రదేశ్ షాహ్‌డోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 17 రాష్ట్రాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు అని పెట్టుకున్నారు, ఒడిశా కూడా అందులో ఉంది. క్యాంపులో చేసే సాల్యుబిలిటీ టెస్టు చూడటానికి సరదాగా ఉంటుంది: మందు పోసిన ట్యూబులో రక్తం చుక్క కలిపి వెనకాల నల్లగీతల కాగితం పెడతారు, గీతలు కనిపిస్తే నెగటివ్, మబ్బు పట్టినట్టై గీతలు కనిపించకపోతే పాజిటివ్. అయితే పాజిటివ్ అంటే జబ్బు అని కాదు, క్యారియర్‌కి కూడా అలాగే మబ్బు పడుతుంది. ఆ ఒక్క కాగితం చూసి ఆడపిల్ల సంబంధం తప్పించేసిన ఇళ్ళున్నాయి. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తేనే జబ్బా, క్యారియరా అని తేలుతుంది. జబ్బు ఉన్నవాళ్ళకి హైడ్రాక్సీయూరియా అనే గొట్టం మాత్ర నొప్పుల్నీ రక్తం ఎక్కించాల్సిన అవసరాన్నీ బాగా తగ్గిస్తుంది, రక్తం లెక్కలు చూసుకుంటూ వాడాలి. నీళ్ళు బాగా తాగాలి, చలిలో తిరగకూడదు, నొప్పి వస్తే వీళ్ళకి ఐస్ పెట్టకూడదు, జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకూడదు.

ఇంకో మాట, థలసీమియా క్యారియర్ల గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్ 5) లెక్కల్లో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, చాలామందికి ఐరన్ లోటే, మాత్రలు వాడాల్సిందే. కానీ నెలల తరబడి వాడినా హిమోగ్లోబిన్ పదికి అటూఇటూ కదలకుండా ఉండి, సీబీసీలో ఎంసీవీ (ఎర్ర కణం సగటు సైజు) తక్కువ, ఎర్ర కణాల సంఖ్య మాత్రం ఎక్కువ ఉంటే అది థలసీమియా క్యారియర్ కావొచ్చు, ఆమెకి ఐరన్ పోస్తూనే ఉంటే లాభం లేదు. ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగిస్తే 13 కన్నా తక్కువ వస్తే అనుమానించాలి, ఇది మీరు రిపోర్టు చేతిలో పట్టుకుని ఫోన్లో క్యాలిక్యులేటర్‌తో చేసుకోవచ్చు. తేల్చేది మళ్ళీ హెచ్‌పీఎల్‌సీనే. ఒక భర్త సికిల్ క్యారియర్, భార్య థలసీమియా క్యారియర్ అయినా పిల్లలకి జబ్బు రావొచ్చు, కాబట్టి ఇద్దరిదీ చేయించాలి. ఆ పరీక్షకి శాంపిల్ రక్తం ఎక్కించకముందే తీయించుకోండి, ఎక్కించాక మూడు నెలల లోపు తీస్తే అందులో దాత రక్తం కూడా కలిసి ఉంటుంది, రిపోర్టు మీ ఒక్కరిది కాదు, అతనిదీ కలిసి వస్తుంది.